ఇంజక్షన్‌తో గుడ్డు తయారు కాదు: సీమ ఎండల్లో తల్లి చేపను ఫిబ్రవరి నుంచే సిద్ధం చేసుకోవడం ఎలా

జూలైలో తల్లి చేపకు గుడ్లు పడే ఇంజక్షన్ వేసి తెల్లారేదాకా కాపలా కాసినా గుడ్లు పడకపోతే అందరూ ముందు మందునే తిడతారు. కంపెనీ మార్చాలంటారు, డోసు పెంచాలంటారు, నకిలీ సరుకు అంటగట్టారంటారు. మందు పాడై ఉండొచ్చు, కాదనను. కానీ ఆ ఇంజక్షన్ అసలు చేసే పని ఏమిటో తెలిస్తే తప్పు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అది గుడ్డును తయారు చెయ్యదు, తయారై ఉన్న గుడ్డు చివరి దశ దాటి బయటికి వచ్చేలా చేస్తుంది, అంతవరకే. గుడ్డు తయారీ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా చేప ఒంట్లో నెలల తరబడి సాగే పని, దాన్ని నడిపేది ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనూ, కణాల్లో దాన్ని పట్టుకునే రిసెప్టర్లూ. సరిగ్గా ఆ నెలల్లోనే కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కాలవలు ఆగిపోతాయి, చెరువులు అడుగంటుతాయి. కోస్తా హేచరీల పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే తేడా కొట్టేది అందుకే.

బొచ్చె, రోహు, మృగాల అనే కార్పు చేపల సీడ్ తీసే చిన్న హేచరీల వాళ్లకూ, కొత్తగా పెట్టాలనుకునే వాళ్లకూ ఇది పనికొస్తుంది. కొంచెం సైన్సు ఉంటుంది, ఓపిక పట్టండి, అది లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరో చెప్పారు కాబట్టి చేసేవిగా మిగిలిపోతాయి.

చేప ఒంట్లో జరిగేది

పగటి పొద్దు పెరగడం, నీళ్లు వెచ్చబడటం చేప మెదడు గమనిస్తుంది. మెదడు నుంచి పిట్యూటరీ గ్రంథికి కబురు పోతుంది, అక్కడి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను రక్తంలో అండాశయానికి చేరుతుంది. అండాశయంలో ఒక్కో గుడ్డు చుట్టూ రెండు పొరల కణాలుంటాయి. బయటి పొర టెస్టోస్టిరాన్ తయారు చేస్తుంది, అవును, ఆడ చేపలోనే. లోపలి పొర ఆరోమటేజ్ అనే ఎంజైముతో దాన్ని 17 బీటా ఎస్ట్రాడయోల్‌గా మారుస్తుంది. చేపల్లో ప్రధానమైన ఈస్ట్రోజన్ ఇదే.

ఈ ఎస్ట్రాడయోల్ నేరుగా గుడ్డులోకి పోయి దాన్ని లావు చేస్తుందని చాలామంది అనుకుంటారు. సొన సంగతికొస్తే దాని అసలు పని కాలేయంలో. హార్మోను రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది గానీ రిసెప్టర్ లేని కణం దాన్ని పట్టించుకోదు. రేషన్ షాపులో వేలిముద్ర పడితేనే బియ్యం తూచినట్టు, హార్మోను వచ్చి రిసెప్టర్‌కు అతుక్కుంటేనే కణంలో పని మొదలవుతుంది. కాలేయ కణంలో అలా అతుక్కున్న జంట డీఎన్‌ఏ మీద తనకంటూ ఉన్న చోటును పట్టుకుని విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ జన్యువును మేల్కొలుపుతుంది.

ఈ విటెల్లోజెనినే గుడ్డులోని సొనకు ముడిసరుకు. చాలా పెద్ద ప్రోటీన్, కొవ్వును, భాస్వరాన్ని, కాల్షియాన్ని వెంటబెట్టుకుని కాలేయం నుంచి రక్తంలోకి వస్తుంది. సీజన్లో ఆడచేప రక్తంలో కాల్షియం పెరిగేది దీనివల్లే. అండాశయం చేరాక, గుడ్డు ఉపరితలం మీద ఉండే వేరే రిసెప్టర్లు దాన్ని లోపలికి లాక్కుంటాయి. వీటికీ ఈస్ట్రోజన్ రిసెప్టర్లకూ సంబంధం లేదు, పేరు ఒకటే కదా అని కలిపేసుకోవద్దు. లోపల అది ముక్కలై సొనగా నిలవ ఉంటుంది. గుడ్డు పొదిగాక పిల్ల మొదటి మూడు రోజులూ బతికేది ఆ సొన మీదే. అంటే మే నెలలో తల్లి కాలేయం ఎంత బాగా పనిచేసిందో జూలైలో స్పాన్ (అప్పుడే పొదిగిన పిల్లలు) బతుకుబడిలో కనిపిస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఎస్ట్రాడయోల్ కాలేయంలోని రిసెప్టర్ల సంఖ్యను కూడా పెంచుతుంది. మొదట్లో కొద్దిగా ఉన్న రిసెప్టర్లు హార్మోను తగిలేకొద్దీ పెరుగుతాయి, అవి పెరిగేకొద్దీ విటెల్లోజెనిన్ తయారీ ఊపందుకుంటుంది. కాబట్టి ఏప్రిల్లో ఓ రెండు వారాలు పని ఆగిపోతే పోయేది రెండు వారాలే కాదు, ఆ ఊపు కూడా తగ్గొచ్చు.

కణం కేంద్రకంలో పనిచేసే ఈ ఈస్ట్రోజన్ రిసెప్టర్లు మనిషిలో రెండు రకాలైతే ఎముకలున్న చేపల్లో మామూలుగా మూడు: ఈఎస్‌ఆర్1, ఈఎస్‌ఆర్2ఎ, ఈఎస్‌ఆర్2బి. ఎప్పుడో వీటి పూర్వీకుల్లో జన్యు సంపద మొత్తం రెట్టింపు కావడం వల్ల వచ్చిన అదనపు ప్రతి అది. ఏది ఏం చేస్తుందో తెలుసుకోవడానికి జీబ్రాఫిష్‌లో ఒక్కో జన్యువునూ తీసేసి చూశారు. అది కార్పులకు దగ్గరి చుట్టమే, మన దేశపు వాగుల్లోనూ ఉంటుంది. ఏ ఒక్కటి తీసేసినా చేపలు గుడ్లు పెట్టాయి. ఈఎస్‌ఆర్2 రకాలు రెండింటినీ ఒకేసారి తీసేస్తే మాత్రం గుడ్ల ఎదుగుదల మధ్యలో ఆగి, అవి చెడిపోయి, ఆ ఆడచేపలు క్రమంగా మగచేపలైపోయాయి. జపాన్ వాళ్ల మెడాకా చేపలో కథ ఇంకోలా నడిచింది: ఈఎస్‌ఆర్2ఎ లేని ఆడచేపలో గుడ్లు తయారయ్యాయి గానీ బయటికొచ్చే దారి మూసుకుపోయి గొడ్డుదైంది, ఈఎస్‌ఆర్2బి లేనిది మగచేపను దగ్గరికే రానివ్వలేదు. అంటే సొన నింపడం, గుడ్డును కాపాడటం, దారి ఏర్పరచడం, చివరికి జతకట్టే బుద్ధి పుట్టించడం కూడా ఈ రిసెప్టర్ల ఖాతాలోవే, కాకపోతే జాతిని బట్టి పనుల పంపకం మారుతుంది.

ఇవి కాక గుడ్డు పైపొర మీద జీపర్ అనే ఇంకో రిసెప్టర్ ఉంది. జీబ్రాఫిష్, క్రోకర్ చేపల్లో చూసిన దాని ప్రకారం, ఎస్ట్రాడయోల్ దీన్ని పట్టుకుని ఉన్నంతకాలం గుడ్డు చివరి పరిపక్వతకు పోకుండా ఆగి ఉంటుంది. సొన నిండకముందే గుడ్డు తొందరపడకుండా అదొక కట్టడి. సొన నిండాక పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోను ఒక్కసారిగా ఎగుస్తుంది, ఎస్ట్రాడయోల్ తగ్గుతుంది, దాని స్థానంలో కార్పుల్లో డీహెచ్‌పీ అని పిలిచే వేరే స్టెరాయిడ్ వస్తుంది. అప్పుడు గుడ్డు మధ్యలో ఉన్న కేంద్రకం అంచుకు జరిగి కరిగిపోతుంది, గుడ్డు పొర నుంచి విడుదలవుతుంది. మన ఇంజక్షన్ పని ఇక్కడే. కార్పుల్లో డోపమిన్ అనే పదార్థం ఎల్‌హెచ్ విడుదలకు బ్రేకు వేసి ఉంచుతుంది, మందులోని డోంపెరిడోన్ ఆ బ్రేకు తీస్తుంది, మెదడు పంపే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోనుకు నకలు ఎల్‌హెచ్‌ను ఎగదోస్తుంది. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి, అలీకున్హి పిట్యూటరీ రసంతో మన కార్పుల చేత గుడ్లు పెట్టించిన పద్ధతి కూడా ఇదే చోట తట్టింది, అందులో ఎల్‌హెచ్ నేరుగా ఉంటుంది. సొన నిండని గుడ్డు దగ్గర ఈ రెండూ చేసేదేమీ లేదు.

ఫిబ్రవరిలో మొదలుపెట్టాల్సినవి

తల్లి చేపలకు అర ఎకరం నుంచి ఎకరం చెరువు చాలు, లోతు మాత్రం వేసవిలో కూడా ఐదారు అడుగులు తగ్గకూడదు. కర్నూలు-కడప (కె.సి.) కాలవ కింద గానీ తుంగభద్ర ఎగువ కాలవ (హెచ్‌ఎల్‌సీ) కింద గానీ ఉన్న వాళ్లు, కాలవ ఆగాక ఆ లోతు నిలబెట్టేంత బోరు మీకుందా అని ముందే చూసుకోండి. లేకపోతే తల్లి చేపలు పెట్టుకోకుండా స్పాన్ కొని పిల్లల్ని పెంచి అమ్ముకోవడం మేలు. అదేం చిన్నతనం కాదు, లెక్క చూస్తే లాభం కూడా.

ఎకరానికి 600 నుంచి 800 కిలోల చేప మించొద్దు. రోహు, మృగాల రెండో ఏడాదికి, బొచ్చె మూడో ఏడాదికి పక్వానికి వస్తాయి, రెండు నుంచి ఐదు కిలోల మధ్య ఉన్నవి ఎంచుకోండి. ఏడెనిమిది కిలోల బొచ్చె చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ పట్టుకోవడం, తూచడం, ఇంజక్షన్ వెయ్యడం అన్నీ కష్టం, దానికి దెబ్బలూ ఎక్కువ. ఏళ్ల తరబడి ఒకే తల్లుల పిల్లల్లోంచే మళ్లీ తల్లుల్ని తీసుకుంటూ పోతే రక్తం దగ్గరైపోయి పిల్లలు గిడసబారతాయి, మధ్యమధ్య బయటి నుంచి కొత్తవి తెచ్చుకోవాలి.

ఆడా మగా విడదీయడం మార్చిలోపు అయిపోవాలి. మగచేప రొమ్ము రెక్క లోపలి వైపు వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, ఆడదానికి నునుపుగా ఉంటుంది. ఈ పని ఒక్కసారే చెయ్యండి, మళ్లీ మళ్లీ వల వెయ్యొద్దు. వలలో పడ్డ చేపకు పట్టే టెన్షన్ మాటవరసకు అంటున్నది కాదు, దాని రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎగుస్తుంది. ట్రౌట్ చేపల్లో చేసిన పరీక్షల్లో కార్టిసాల్ కాలేయంలోని ఈస్ట్రోజన్ రిసెప్టర్లను తగ్గించేసింది. ఊరి పెద్దలో, చుట్టాలో వచ్చారని ఏప్రిల్లో ముచ్చటగా వల లాగించి చేపలు చూపించే అలవాటుంటే మానుకోండి.

మేత: బుడ్డల చెక్క సంగతి

బుడ్డల (వేరుశనగ) నూనె తీశాక మిగిలే చెక్క, తవుడు సగం సగం కలిపి వెయ్యడం మన దగ్గర పాత అలవాటు. చౌక, దొరుకుతుంది, ప్రోటీన్ లెక్కన చూస్తే 25 శాతానికి కాస్త పైనే వస్తుంది. తినే చేపకు అది చాలు. తల్లి చేపకు మాత్రం రెండు లోట్లున్నాయి. చెక్కలో లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ, సొనకు కావలసిన ఒమేగా 3 కొవ్వులు లేవు. అందుకే చెక్కలో కొంత భాగం తీసేసి దాని బదులు మంచి చేప పొడి, కిలో మేతకు కొద్దిగా చేప నూనె, విటమిన్ ఇ ఉన్న ఖనిజ మిశ్రమం కలపండి. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా తల్లి కార్పుల కోసమే సీఫాబ్రూడ్ అనే మేత రూపొందించింది, అది దొరికితే ఈ కలుపుడు గొడవే ఉండదు. చేప బరువులో రెండు నుంచి మూడు శాతం చొప్పున మొదలుపెట్టి, మే చివరికి తగ్గించుకుంటూ రండి. ఆ టైంలో కూడా కడుపునిండా పిండి మేత వేస్తే అండాశయం చుట్టూ కొవ్వు పేరుకుంటుంది, చేప పొట్ట పెద్దదవుతుంది, మీరేమో గుడ్లని మురిసిపోతారు.

అంతకంటే పెద్ద ప్రమాదం బూజు. అనంతపురం బుడ్డల పంటకు చివర్లో వాన ఎగ్గొడితే చేలోనే ఆస్పర్జిల్లస్ బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అక్కడే మొదలవుతుంది. తర్వాత గోడౌన్లో చెమ్మ తగిలితే ఇంకా పెరుగుతుంది. ఈ విషం దెబ్బకొట్టేది కాలేయాన్ని, విటెల్లోజెనిన్ తయారయ్యేదీ కాలేయంలోనే. చేప చావదు, మేత తింటున్నట్టే ఉంటుంది, జూలైలో మాత్రం గుడ్లు తక్కువ పడతాయి, పడినవి పొదగవు. కాబట్టి తల్లి చేపల మేత దగ్గర చౌక బేరాలు వద్దు. ముక్కిపోయిన వాసన వచ్చే చెక్క, గడ్డ కట్టింది, పచ్చగానో నల్లగానో చారలు పడింది పశువులకు కూడా పెట్టొద్దు. మేలైన మిల్లు నుంచి కొద్దికొద్దిగా తెచ్చుకుని, కర్ర దిమ్మెల మీద నేలకు తగలకుండా పెట్టి, నెలలోపు వాడేసుకోండి.

సోయా చెక్క గురించి కూడా అడుగుతుంటారు. సోయాలో జెనిస్టీన్ లాంటి పదార్థాలున్నాయి, అవి ఈస్ట్రోజన్ రిసెప్టర్‌కు అతుక్కోగలవు, కాకపోతే ఎస్ట్రాడయోల్ కంటే చాలా బలహీనంగా. మేతలో ఒక వాటాగా సోయా ఉంటే భయం అక్కర్లేదు. మొత్తం మేతంతా సోయా మీదే నడపడం మాత్రం తల్లి చేపల విషయంలో నేను చెయ్యమనను. బొచ్చె పై నీళ్లలో జంతు ప్లవకాలు (నీళ్లలో తేలే సన్నటి పురుగులు) తినే చేప, దానికి మేత ఎంత వేసినా నీళ్లలో ఆ పురుగు లేకపోతే ఒళ్లు పట్టదు, అది చూసుకోండి.

ఏప్రిల్, మే: ఎండతోనే అసలు పోరు

కార్పులు వేడి నీళ్ల చేపలే, 26 నుంచి 31 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. నీళ్లు 34, 35 దాటి రోజుల తరబడి నిలిస్తేనే తంటా. ఎక్కువ వేడిలో అండాశయంలోని ఆరోమటేజ్ మందగిస్తుందని చాలా జాతుల చేపల్లో తేలింది, అది మందగిస్తే ఎస్ట్రాడయోల్ పడిపోతుంది, కాలేయానికి కబురు అందదు. టాస్మానియాలో అట్లాంటిక్ సాల్మన్ ఆడచేపల్ని 14 డిగ్రీలకు బదులు 22 డిగ్రీల్లో పెట్టి చూస్తే ఎస్ట్రాడయోల్, విటెల్లోజెనిన్ రెండూ తగ్గి, గుడ్ల నాణ్యత దెబ్బతింది. సాల్మన్‌కు 22 అంటే మన రోహుకు ఎంత అని నేరుగా లెక్క కట్టలేం గానీ, ఏ చేపకైనా దాని హద్దు దాటితే ఈ వరస దెబ్బతినొచ్చు.

చెయ్యాల్సింది ఏమిటంటే, ఓ థర్మామీటర్‌కు దారం కట్టి మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య పై నీళ్లలో ఒకసారి, అడుగున ఒకసారి చూసి నోటుబుక్కులో రాసుకోండి. పైన 35 ఉన్నా అడుగున 30, 31 ఉంటే చేప కిందికి దిగి తలదాచుకుంటుంది, లోతు అడిగింది అందుకే. రెండు చోట్లా 34 దాటితే బోరు నీళ్లు వదలాలి. వేసవిలో బోరు నీళ్లు చెరువు పై పొర కంటే చల్లగా ఉంటాయి, కానీ వాటిలో ఆక్సిజన్ తక్కువ, నేరుగా పైపు ముంచి పెట్టకుండా రాళ్ల మీదగానో చిల్లుల రేకు మీదగానో ఎత్తు నుంచి జారేలా వదలండి. ఆ రోజుల్లో మధ్యాహ్నం మేత మానేసి పొద్దున్నే వెయ్యండి. తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, కరెంటు ఉన్న చోట మూడు గంటల నుంచి పొద్దెక్కేదాకా నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ తిప్పితే చాలు, రోజంతా అక్కర్లేదు.

పదిహేను రోజులకోసారి కొంత పాత నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టడం కూడా మంచిదే, కొత్త నీటి స్పర్శకు కార్పులు బాగా స్పందిస్తాయి. నీళ్లకు కరువున్న చోట ఆ తీసేసిన నీళ్లు తోటకు వదలండి, ఎరువే అది.

నీళ్లలో కలిసే దొంగ ఈస్ట్రోజన్లు

రిసెప్టర్‌కు ఒక బలహీనత ఉంది. ఎస్ట్రాడయోల్ ఆకారాన్ని కొంచెం పోలినదేదైనా వచ్చి అతుక్కుంటే అది అసలుదా నకలుదా అని పూర్తిగా తేల్చుకోలేదు. గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఎస్ట్రాడయోల్, కొన్ని డిటర్జెంట్లు చెడిపోయాక మిగిలే నోనైల్‌ఫినాల్, ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్‌ఫినాల్ ఎ, పాత డీడీటీ రకాలు కొన్ని ఇలాంటివే. మగచేప కాలేయంలోనూ రిసెప్టర్ ఉంది, విటెల్లోజెనిన్ జన్యువూ ఉంది, మామూలుగా హార్మోను చాలక అది నిద్రపోతుంటుంది. అందుకే ప్రపంచమంతా మగచేప రక్తంలో విటెల్లోజెనిన్ కనిపిస్తే ఆ నీళ్లలో ఈస్ట్రోజన్ కాలుష్యం ఉన్నట్టు లెక్క కడతారు.

దీనికి అన్నిటికంటే గట్టి రుజువు కెనడాలో 260 నంబరు సరస్సు. 2001 నుంచి మూడేళ్ల పాటు వేసవిలో ఆ సరస్సులో ఇథినైల్ ఎస్ట్రాడయోల్ లీటరుకు ఐదారు నానోగ్రాములు మాత్రమే ఉండేలా కలిపారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల్లో మగవి ఆడ ప్రోటీన్ తయారు చెయ్యడం మొదలుపెట్టాయి, వృషణాలు దెబ్బతిన్నాయి, ఆడచేపల్లో గుడ్ల ఎదుగుదల మారిపోయింది, కొన్నేళ్లలో ఆ చేప సరస్సులో దాదాపు కనుమరుగైంది. కలపడం ఆపాక మళ్లీ కోలుకుంది.

మన మాటకొస్తే, కర్నూలు దగ్గర హంద్రీ నదిలో కలిసే ఊరి మురుగు లాంటిది ఏ ఊరికైనా ఉంటుంది. మురుగు కలిసే చోటుకు దిగువన నీళ్లు తోడి తల్లి చేపల చెరువులో పెట్టొద్దు, ఎంత దగ్గరైనా, ఎంత ఉచితమైనా. బట్టలకు రంగులద్దే పని జరిగే ఊళ్లలో చెరువు కట్టేవాళ్లు ఆ నీళ్లు ఏ వాలులో పారతాయో వానాకాలంలో ఒకసారి నడిచి చూసుకోండి. ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు: కోళ్ల ఎరువులో, పశువుల పేడలో సహజమైన ఈస్ట్రోజన్లు ఉంటాయి. నర్సరీ చెరువుకు పేడ వెయ్యండి, ప్లవకం పుడుతుంది, తప్పులేదు. తల్లి చేపల చెరువులో మాత్రం ట్రాక్టర్ల కొద్దీ పచ్చి కోళ్ల ఎరువు దింపడం ఆపేసి, బాగా మాగిన పేడ కొద్దిగా వాడితే సరిపోతుంది.

ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది, చాలా తెలివైన ప్రశ్న లాగే వినిపిస్తుంది: గుడ్డు తయారీ ఈస్ట్రోజన్ మీదే ఆధారపడితే, ఆ మాత్రలేవో మేతలో కలిపి పెట్టొచ్చు కదా? వద్దు. బయటి నుంచి ఎస్ట్రాడయోల్ వస్తే కాలేయం విటెల్లోజెనిన్ తయారు చేస్తుంది, నిజమే, కానీ మెదడు, పిట్యూటరీ రక్తంలో హార్మోను ఎక్కువైందని చూసి ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గించేస్తాయి, అండాశయం ఆ సరుకును సరిగ్గా లోపలికి తీసుకోలేదు. మోతాదు మించితే రక్తంలో పేరుకున్న ప్రోటీన్ కాలేయాన్నీ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. ఆ చేప చివరికి ఎవరి కంచంలోకో పోతుంది, ఆ నీళ్లు ఎవరి పొలంలోకో పోతాయి. తిలాపియా పిల్లలకు మగ హార్మోను పెట్టి అన్నిటినీ మగవి చేస్తారు కదా అంటారు, అది లింగం ఇంకా ఖాయం కాని పిల్లల మీద కొన్ని వారాలు చేసే వేరే పని. తల్లి కార్పుకు దాన్ని పోలిక పెట్టొద్దు.

జూన్: పొట్ట కాదు, గుడ్డు చూడాలి

తొలకరి పడ్డాక జాగ్రత్తగా ఒకసారి వల వేసి చూడండి. పొట్ట మెత్తగా, రెండు వైపులా సమంగా ఉబ్బి, మలద్వారం దగ్గర ఉబ్బి ఎర్రగా ఉంటే మంచి గుర్తు. పొట్ట పెద్దగా ఉండి గట్టిగా తగిలితే కొవ్వు కావచ్చు. మగచేపను మెల్లగా నొక్కితే పాల లాంటి బీజం జారాలి.

అంతటితో ఆగకుండా గుడ్డు తీసి చూడటం నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. రెండు మిల్లీమీటర్ల లావున్న మెత్తటి ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి, తడిగుడ్డ మీద చేపను వెల్లకిలా పట్టుకుని జననేంద్రియ రంధ్రంలోకి మెల్లగా కొద్ది దూరం పోనిచ్చి, రెండో చివర సిరంజితో లాగితే కొన్ని గుడ్లు వస్తాయి. గొట్టం పోనంటే బలవంతం చెయ్యొద్దు. ఆ గుడ్లను ఆల్కహాల్ 60 పాళ్లు, ఫార్మలిన్ 30, ఎసిటిక్ ఆమ్లం 10 పాళ్లు కలిపిన ద్రవంలో ఐదారు నిమిషాలు ఉంచితే పారదర్శకమై లోపలి కేంద్రకం కనిపిస్తుంది. ఫార్మలిన్ విషం, గ్లౌజులు వేసుకోండి, గాలాడే చోట కలపండి, మిగిలింది చెరువు వైపు పారబొయ్యొద్దు. చిన్న మైక్రోస్కోపు ఉంటే సరే, లేకపోతే బలమైన భూతద్దంతో కూడా తెలుస్తుంది.

కేంద్రకం నట్టనడుమ ఉంటే సొన నిండుతోంది, ఈస్ట్రోజన్ పని ఇంకా నడుస్తోంది, ఆ చేపను వదిలేసి రెండు మూడు వారాలు ఆగండి. కేంద్రకం అంచుకు జరిగి ఉంటే ఇంజక్షన్‌కు సిద్ధం. మూడింట రెండు వంతుల గుడ్లు అలా ఉంటే నేను ముందుకెళ్తాను. గుడ్లు రకరకాల సైజుల్లో, మచ్చలు పడి, ఆకారం చెడి ఉంటే అవి ఒంట్లోకి తిరిగి ఇంకిపోతున్నాయని అర్థం, ఆ చేప మీద మందు దండగ.

ఇంజక్షన్ గురించి చాలామందికి తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో: ఓవాప్రిమ్ లాంటి మందు ఆడ రోహుకు కిలోకు 0.3 నుంచి 0.4 మిల్లీలీటరు, బొచ్చెకు 0.4 నుంచి 0.5, మృగాలకు 0.25 నుంచి 0.3, మగవాటికి 0.1 నుంచి 0.2. చేపను తూచి వెయ్యండి, కంటితో అంచనా వద్దు. సాయంత్రం చల్లబడ్డాక వేస్తే 8 నుంచి 12 గంటల్లో గుడ్లు పడతాయి, నీటి వేడిని బట్టి అటూ ఇటూ. గుడ్లు నీళ్లు పీల్చి ఐదు మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతాయి, ఫలదీకరణ జరిగినవి గాజులా ఉంటాయి, జరగనివి తెల్లబారతాయి. 14 నుంచి 18 గంటల్లో పొదుగుతాయి.

పడకపోతే డోసు పెంచి మళ్లీ పొడిచే ముందు ఆ చేప గుడ్డు తీసి చూడండి. కేంద్రకం నడుమే ఉంటే లోపం ఏప్రిల్, మే నెలల్లో ఉంది, నోటుబుక్కులో ఆ నెలల వేడి, మేత చూడండి. కేంద్రకం కరిగిపోయినా గుడ్లు పడకపోతే మందు పనిచేసింది, కొలనులో ప్రవాహం, ఆక్సిజన్, మగచేపల సంగతి చూసుకోవాలి. గుడ్లు పడి అన్నీ తెల్లబారితే మగచేప బీజం గానీ, ఆలస్యమై ముదిరిన గుడ్డు గానీ కారణం. పొదిగి కూడా పిల్లలు రెండో రోజుకే చస్తుంటే సొన నాణ్యత అనుమానించండి, మేత దగ్గరికి పోండి, ముందు ఆ చెక్క బస్తాలు తెరిచి వాసన చూడండి.

ఆలస్యంగా వచ్చే వానలకు

మన దగ్గర చెరువులు నిండేది జూలైలో కాదు. సీమలో గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరులోనే, పిల్లలు కావాలని ఫోన్లు మోగేదీ అప్పుడే. తల్లి చేపల్ని అప్పటిదాకా ఆపుకుందాం అనుకుంటే కుదరదు. సొన నిండిన గుడ్డు వారాలు వారాలు ఎదురుచూడదు, హార్మోను అండ తగ్గగానే ఇంకిపోవడం మొదలవుతుంది. జూలై మొదట్లో సిద్ధమైన చేపకు సెప్టెంబరులో మందు వేస్తే పడేవి ఏవో కొన్ని చచ్చు గుడ్లే.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, తల్లుల్ని రెండు గుంపులు చేసి మొదటి గుంపు చేత జూలై మొదట్లోనే గుడ్లు పెట్టించి, దెబ్బలకు పొటాషియం పర్మాంగనేట్ పలచటి నీళ్లలో ముంచి, మళ్లీ మంచి మేత పెట్టడం. వేడి తగ్గిన నీళ్లలో అదే చేప 45 నుంచి 60 రోజుల్లో రెండోసారి పక్వానికి వస్తుంది, ఆగస్టు చివర గుడ్డు తీసి చూసి ముందుకెళ్లొచ్చు. రెండోసారి గుడ్లు కొంత తగ్గుతాయి, దానికి సిద్ధపడాలి. రెండోది నాకు ఇంకా నచ్చే దారి: జూలై స్పాన్‌నే నర్సరీల్లో పెంచి సెప్టెంబరు నాటికి నాలుగు అంగుళాల పిల్లలుగా అమ్మడం. మన చెరువుల్లో నీళ్లు ఐదారు నెలలకు మించి నిలవని చోట చిన్న పిల్లలు వేసి లాభం లేదు, పెద్ద పిల్లలకు ఎక్కువ ధర ఇవ్వడానికి రైతు కూడా వెనకాడడు.

సీజన్ అయ్యాక తల్లుల్ని పలచగా వదిలి, అక్టోబరు నుంచి మేత మామూలు స్థాయికి తెచ్చి, ఏ చేప ఎన్ని గుడ్లు ఇచ్చిందో గుర్తు పెట్టుకోండి. రెండేళ్లు వరసగా గుడ్లు ఇంకించుకున్న చేపను జనవరిలో మార్కెట్‌కు పంపేసి, ఆ చోటులో కొత్తదాన్ని వెయ్యండి.